పక్క కుర్చీలో రాసిన పరీక్ష

ఆ కార్పొరేట్ ఆసుపత్రిలో ఆయన్ని అందరూ బావగారు అనేవారు. కంప్యూటర్ విభాగంలో ఆయనతోపాటే పనిచేసే బావమరిది పొద్దస్తమానం "బావా, బావా" అంటూ వెంట తిరగడంతో ముందు తోటి పనివాళ్లకు, తర్వాత నర్సులకు, ఆఖరికి గుండె డాక్టరుకు కూడా అదే అలవాటైపోయింది. యాభై మూడేళ్ల మనిషి. పద్దెనిమిదేళ్లుగా అదే ఉద్యోగం. నాలుగు భవనాలు, పదకొండు వందల పైచిలుకు కంప్యూటర్లు, వాటికి ఏడుగురు పనివాళ్లు. కొత్త సాఫ్ట్‌వేర్ ఏదైనా వచ్చిందంటే ఏడుగురూ పెన్‌డ్రైవ్‌లు జేబులో వేసుకుని బల్ల బల్లకూ తిరిగి ఎక్కించేవారు. మూడు వారాలు పట్టేది. ఆ మూడు వారాల్లో ఏ సిస్టర్ కూతురికి పెళ్లి కుదిరింది, ఏ క్లర్కుకు నడుం నొప్పి తగ్గలేదు, అన్నీ ఆయన చెవిన పడేవి.

బావమరిది ఆయన భార్యకు ఒక్కగానొక్క తమ్ముడు. నలభై దాటాయి, ఇద్దరు ఆడపిల్లలు. పాత ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు బావగారే మాట సాయం చేసి ఇక్కడ పెట్టించారు. చేతిపనిలో అతన్ని కొట్టేవాడు లేడు. గోడలో ఎక్కడో తెగిన కేబుల్‌ని తడిమి పట్టుకునేవాడు, ఏ కంపెనీ ప్రింటరైనా విప్పి బిగించేవాడు. తెర మీద నాలుగు వరుసలు చదివి, ఆలోచించి నిర్ణయం తీసుకోవాలంటే మాత్రం కాళ్లూ చేతులూ ఆడేవి కావు.

ఒక సోమవారం మేనేజరు ఏడుగురినీ పిలిచాడు. ఇక మీదట బల్ల బల్లకూ తిరిగే పని ఉండదనీ, ఒక్కచోట కూర్చుని మొత్తం నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లన్నింటికీ సాఫ్ట్‌వేర్ పంపే పద్ధతి వస్తోందనీ, దానికి నాలుగు రోజుల శిక్షణ ఉంటుందనీ, చివర్లో పరీక్ష పెడతామనీ చెప్పాడు.

"పరీక్షెందుకు సార్? మేమేమన్నా బడి పిల్లలమా?" అన్నాడు బావమరిది నవ్వుతూ.

మేనేజరు నవ్వలేదు. "ఏడుగురు చేసే పని ఇక నలుగురు చేస్తే చాలు," అన్నాడు.

శిక్షణ సెల్లార్‌లో, పాత ఎక్స్‌రే గది పక్కన. కిటికీ లేని గది. ఒక్కొక్కరి ముందు ఒక కంప్యూటర్, దాని లోపల ఇరవై ఉత్తుత్తి కంప్యూటర్లు. ఒకటి రిసెప్షన్, ఒకటి ల్యాబ్, ఒకటి మందుల కౌంటర్, మూడు వార్డు. నేర్పడానికి వచ్చినావిడ నెమ్మదస్తురాలు. ఉపన్యాసాలు ఇవ్వలేదు. వచ్చీ రాగానే చేతిలో మౌస్ పెట్టించి మొదలుపెట్టింది.

"ముందు రెండింటికి పంపండి. ఒక రోజు ఆగండి. ఎవరూ మీ మీదకు గొడవకు రాకపోతే ఇంకో ఐదింటికి. అప్పుడే అందరికీ. ఈ మూడు వార్డు కంప్యూటర్లను మాత్రం మినహాయింపుల జాబితాలో పెట్టండి. వాటి జోలికి వెళ్లాలంటే వార్డు వాళ్లకు చెప్పి, వాళ్లు సరే అన్నాకే. ఇక్కడ 'వెంటనే రీస్టార్ట్' అని చిన్న గడి ఉంది చూశారా? పగటిపూట దాన్ని ముట్టుకోకండి."

బావగారికి ఆ పని ఇట్టే పట్టుబడింది. ఆయనకే ఆశ్చర్యం వేసింది. మూడు వారాల చాకిరీ నలభై నిమిషాల్లో తెర మీద ఆకుపచ్చ గీతలై నిండుతుంటే, మొదట్లో చిన్నపిల్లాడిలా సంబరపడ్డారు. తర్వాత మనసంతా చేదైంది. నోటుబుక్కులో ఒక్కొక్క మెట్టూ రాసుకున్నారు. పొడుగాయన అని అందరూ పిలిచే ఇంకో పనివాడు కూడా బాగానే పట్టుకున్నాడు. అతను మితభాషి. ఆసుపత్రిలో చేరి తొమ్మిదేళ్లయినా అతని భార్య పేరు బావగారికి కూడా తెలియదు.

బావమరిదికి మాత్రం తల తిరిగిపోయింది. మూడో రోజు ఇరవై ఉత్తుత్తి కంప్యూటర్లనూ ఒకేసారి ఆర్పేశాడు. గదంతా గొల్లున నవ్వింది. "పర్వాలేదు, ఈ గది ఉన్నది అందుకే," అందావిడ. అతను కూడా నవ్వాడు కానీ, మధ్యాహ్నం అన్నం సయించక డబ్బా మూత పెట్టేశాడు.

"నావల్ల కాదు బావా. ఆ గళ్లన్నీ ఒక్కలాగే కనబడుతున్నాయి."

"ఇంటికొచ్చాక చెప్తాలే," అన్నారు బావగారు. ఆ సాయంత్రం రెండు గంటలు కూర్చోబెట్టి చెప్పారు కూడా. తల ఊపాడు గానీ ఒక్క ముక్కా ఎక్కలేదు.

నాలుగో రోజు పరీక్ష. గంట సమయం. పదిహేడు కంప్యూటర్లకు సాఫ్ట్‌వేర్ వెళ్లాలి, మూడు వార్డు కంప్యూటర్లు కదలకూడదు. బావగారు ముప్పావు గంటలోపే ముగించారు. పక్క కుర్చీలో బావమరిది చెమటలు కక్కుతున్నాడు. మినహాయింపుల పేజీ ఇంకా తెరవనేలేదు. ఇంకా పది నిమిషాలుందనగా నేర్పే ఆవిడకు ఫోన్ వచ్చింది. ఇంట్లో ఎవరికో ఒంట్లో బాగాలేదట, గాభరాగా వరండాలోకి వెళ్లింది.

బావగారు కుర్చీ జరిపారు. బావమరిది చేతిని పక్కకు తోసి మౌస్ అందుకున్నారు. జాబితా, మినహాయింపు, సమయం, సరే. నాలుగు నిమిషాలు. మళ్లీ తన చోటుకి జరిగి తలెత్తితే, ఎదుటి వరుసలోంచి పొడుగాయన ఆయన్నే చూస్తున్నాడు. తల తిప్పుకున్నాడు.

ఫలితాలు వచ్చాయి. బావమరిదికి ఇరవైకి పద్దెనిమిది. పొడుగాయనకు పదిహేడు. నలుగురి జాబితాలో బావమరిది నాలుగోవాడు, పొడుగాయన ఐదోవాడు.

వెళ్లిపోయే రోజు పొడుగాయన బల్ల సొరుగు ఖాళీ చేసుకుని, బావగారి దగ్గర ఆగాడు. "పరీక్ష బాగా రాశారు బావగారూ. రెండుసార్లూ," అన్నాడు. గొంతు పెంచలేదు. ఆ మాట వారం రోజులు బావగారిని పీక్కుతింది. నిదానంగా బావమరిదికి పని నేర్పేస్తే తప్పు దిద్దుకున్నట్టే అవుతుందని సర్దిచెప్పుకున్నారు. కానీ రోజువారీ పనిలో ఆ తీరికేదీ? "నువ్వున్నావు కదా బావా," అనేవాడు అతను. ప్రతిసారీ ఆయనే చేసిపెట్టేవారు.

మూడు నెలలు అలాగే గడిచాయి.

ఆ రోజు బావగారు అవతలి భవనం సెల్లార్‌లో కొత్త వైరింగ్ చూస్తున్నారు. అక్కడ ఫోన్‌కు సిగ్నల్ అందదు. మిగతా ఇద్దరిలో ఒకడు సెలవు, ఇంకొకడు ఆపరేషన్ థియేటర్‌లో ప్రింటర్ దగ్గర. మధ్యాహ్నం మూడింటికి మేనేజరు బావమరిదికి ఫోన్ చేశాడు. ఏదో కొత్త వైరస్ తిరుగుతోందట, దానికి మందులాంటి అప్‌డేట్ వచ్చిందట, సాయంత్రంలోగా అన్ని కంప్యూటర్లకూ వెళ్లిపోవాలన్నాడు.

"బావ వచ్చాక చేస్తాం సార్."

"ఏం, నీకు రాదా? పద్దెనిమిది మార్కులు ఊరికే వచ్చాయా? ఇప్పుడే పంపు."

బావమరిది బావగారికి రెండుసార్లు ఫోన్ చేశాడు. కలవలేదు. నోటుబుక్కు కోసం వెతికాడు, అది బావగారి సంచీలో ఉంది. తెర తెరిచాడు. 'అన్నీ' అన్నచోట నొక్కాడు. ప్రతిసారీ పెట్టాల్సిన మినహాయింపుల జాబితా ఇంకో పేజీలో ఉంటుందన్నది గుర్తు రాలేదు. అడిగిన ప్రతిదానికీ సరే అన్నాడు. అందులో 'వెంటనే రీస్టార్ట్' కూడా ఉంది.

మూడు గంటల ఇరవై నిమిషాలకు నాలుగు భవనాల్లోనూ తెరలన్నీ ఒక్కసారి నల్లబడ్డాయి. రిసెప్షన్‌లో జనం గోల పెట్టారు. ల్యాబ్‌లో రిపోర్టులు ఆగాయి. నాలుగో అంతస్తు గుండె వార్డులో నర్సుల బల్ల మీద, పద్దెనిమిది మంచాల గుండె కొట్టుకునే తీరును ఒక్కచోట చూపించే తెర కూడా ఆరిపోయింది. ఆ సమయంలో వార్డులో ఉన్న ఇద్దరు నర్సులూ చివరి గదిలో, వాంతులు చేసుకుంటున్న ఒక ముసలావిడ దగ్గర ఉన్నారు. తెర తిరిగి వెలగడానికి పదకొండు నిమిషాలు పట్టింది. వెలిగేసరికి ఆరో మంచం గీత తిన్నగా ఉంది.

ఆరో మంచం మీద ఉన్నాయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఆపరేషన్ జరిగి రెండో రోజు. ఆ ఉదయమే జావ తాగాడు. గది తలుపు మూసి ఉంది. మంచం పక్కన మిషన్ కూతపెట్టే ఉంటుంది, ఎవరికీ వినబడలేదు. తోడున్న కూతురు డాక్టరు రాసిన చీటీ పట్టుకుని కింద మందుల కౌంటర్ దగ్గర వరుసలో నిలబడి ఉంది. కంప్యూటర్లు పనిచేయక అక్కడి వరుస కదలడంలేదు.

బావగారు పరిగెత్తుకుంటూ వచ్చేసరికి బావమరిది మెట్ల మీద కూలబడి ఉన్నాడు.

"నీకు రెండుసార్లు చేశాను బావా," అన్నాడు.

విచారణ మొదలైంది. మేనేజరు శిక్షణ కాగితాలన్నీ బల్ల మీద పరిచాడు. 'ఇతనికి పూర్తి శిక్షణ ఇచ్చాం. పరీక్షలో ఇరవైకి పద్దెనిమిది వచ్చాయి. ఏం చేయకూడదో ఇతనికి బాగా తెలుసు. తెలిసీ చేశాడు.' ఆ మార్కులే బావమరిది మెడకు చుట్టుకున్నాయి. ఉద్యోగం పోయింది, పోలీసులు కేసు రాసుకున్నారు. తెలియక చేసిన పొరపాటు కాదు, శిక్షణ పొందిన మనిషి నిర్లక్ష్యం అని రాశారు.

కేసు రాసుకున్న మూడో రోజు పొద్దున బావగారు చొక్కా గుండీలు పెట్టుకుంటుంటే భార్య వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఒక్కటి చెప్పండి. వాడికి ఆ పని వచ్చా?"

"రాదు."

"మరి పరీక్షెలా పాసయ్యాడు?"

ఆయన గుండీ దగ్గర చెయ్యి ఆగిపోయింది. ఆవిడ మొగుడి మొహంలోకి చూసింది. మెల్లగా మంచం అంచున కూర్చుంది.

"వాడి మంచికే చేశాను," అన్నారాయన.

"తెలుసు. నేను అడిగినా చేసుండేవారు. అడక్కుండానే చేశారు." కొంగుతో మొహం తుడుచుకుంది. "వెళ్లి చెప్పండి. అందరికీ చెప్పండి."

ఆయన ముందు మేనేజరుకు చెప్పారు. అతను విని తలుపు మూశాడు. "ఈ మాట ఇక్కడే వదిలేసి వెళ్లండి బావగారూ. మీరు నోరు విప్పితే శిక్షణే బూటకం అంటారు. ఆసుపత్రి మీదకు వస్తుంది. మీ ఉద్యోగం కూడా పోతుంది. అతన్ని ఎలాగూ కాపాడలేరు."

బావగారు అక్కడినుంచి నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లారు. జరిగింది జరిగినట్టు తన చేత్తో రాసి సంతకం పెట్టారు. పరీక్ష తాను రాశాననీ, అతనికి ఆ పని ఏనాడూ రాలేదనీ, ఆ సంగతి తనకు మొదటినుంచీ తెలుసనీ రాశారు. ఇంకో కాగితం మీద అదే రాసి, చనిపోయినాయన ఇంటికి తీసుకెళ్లారు. కూతురు గుమ్మంలోనే నిలబడి చదివింది. కూర్చోమనలేదు.

"మా నాన్న ముప్పై ఒక్కేళ్లు బస్సు నడిపాడు," అంది. "లైసెన్సు లేనివాడికి ఒక్కరోజూ స్టీరింగ్ ఇవ్వలేదు."

కాగితం మడిచి పెట్టుకుని తలుపు వేసుకుంది. ఆయన ఏ బస్సు ఎక్కాలో తోచక నడిచే ఇంటికి వచ్చారు.

ఆయన ఉద్యోగం ఆ వారమే పోయింది. పరీక్ష మధ్యలో గది వదిలి వెళ్లినందుకు నేర్పే ఆవిడను కూడా తీసేశారని తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమె తల్లి ఐసీయూలో ఉందట. పొడుగాయనకు మళ్లీ రమ్మని కబురు పెట్టారు. అతను రానన్నాడు.

బావగారి వాంగ్మూలంతో బావమరిది మీది కేసు కొంత పలచబడింది, ఆయన పేరు కూడా అందులో చేరింది. కానీ ఆ రోజునుంచి బావమరిది ఆయనతో మాట్లాడటం మానేశాడు. ఉద్యోగం పోయినందుకు కాదు. ఆ కాగితం నకలును లాయరు బావమరిది ఇంటికి పంపితే అతని పెద్దకూతురు పైకి చదివింది. 'అతనికి ఆ పని ఏనాడూ రాలేదు' అన్న వాక్యం దగ్గర ఆగి తండ్రి వైపు చూసింది. తర్వాత అతను అక్కతో అన్నాడట: "నిజమే రాశాడక్కా. కానీ ఇన్నాళ్లూ నాతో ఆ మాట ఒక్కసారైనా అన్నాడా? అనుంటే నేనే ఆ కుర్చీలోంచి లేచి వెళ్లిపోయేవాణ్ణి."



వాయిదాలు పడుతూనే ఉన్నాయి. పిలిచినప్పుడల్లా ముగ్గురూ వెళ్తారు. కోర్టు వరండాలో పొడవాటి చెక్క బల్ల. ఒక చివర బావగారు, ఇంకో చివర బావమరిది, నడుమ బావగారి భార్య. మంచినీళ్ల సీసా ముందు తమ్ముడికి ఇస్తుంది, అతను తాగాక తీసుకుని భర్తకు ఇస్తుంది. పేరు పిలిచేదాకా అలాగే కూర్చుంటారు.