ముత్తవ్వ కథలో పెద్దక్క

మా చిన్నమ్మ ముత్తవ్వ మర్ఖేల్‌లో కలుపు కూలి. సోయా చేలో ఆమె వంగడం నేనెప్పుడూ చూడలేదు. ఆమె కథ చెప్తూ నడుస్తుంటే, పక్క సాళ్లలోని ఆడవాళ్లు వినే ఆశకొద్దీ ఆమె సాలు కూడా తీసిపెడతారు. అడిగితే నడుం నొప్పంటుంది. నోటికి మాత్రం ఏ నొప్పీ లేదు.

ఆమె కథల్లో రాజులుంటారు, రాక్షసులుంటారు, తప్పకుండా ఒక పెద్దక్క ఉంటుంది. తల్లి జ్వరంతో పడి ఉంటే ఆ పెద్దక్క ఆమెను చెల్లెలి మీద వదిలేసి వెళ్లిపోతుంది. తల్లి పోయాక తిరిగొస్తుంది. కథ ఏదైనా చివరికి ఆమెను పాము కరుస్తుంది. పెద్దక్క పేరు చిన్నమ్మ చెప్పదు. చెప్పక్కర్లేదు. అది మా అమ్మ ఎంకవ్వ అని ఊరందరికీ తెలుసు. అమ్మ ఆ గుంపుతో కూలికి వెళ్లడం ఎప్పుడో మానేసింది. రెండిళ్లకు గోడ ఒక్కటే. అవతల ఎవరు దగ్గినా వినిపిస్తుంది గాని, అక్కచెల్లెళ్లకు మాటల్లేవు.

ఈ మధ్య పురిటికి అమ్మ దగ్గరికి వచ్చాను, కూతురు పుట్టింది. మా వైపు ఐదో నాడు, అంటే పాచవి రోజు, సటవాయి దేవత వచ్చి బిడ్డ నుదుట రాత రాస్తుంది. ఆమె కోసం సన్నికల్లు దగ్గర తెల్లకాగితం, పెన్ను పెడతాం. దేవతకు ఇబ్బంది కాకూడదని అమ్మ ఆ పెన్నును అరచేతి మీద గీసి చూసింది. ఆ సాయంత్రం బిడ్డ పక్కన కూర్చుని ఎవరైనా కథ చెప్పాలి. మధ్యలో ఆపకూడదు. ఆపితే బిడ్డ రాత కూడా సగంలో ఆగుతుందంటారు. మా ఇంట్లో కథలొచ్చింది చిన్నమ్మ ఒక్కదానికే.

అమ్మ చాలా ఆలోచించి గోడ దగ్గరికెళ్లింది. "ముత్తవ్వా, పోరి పాచవికి రా," అని గోడకే చెప్పింది.

ముద్ఖేడ్ నుంచి మా అత్తగారు వస్తున్నారు. ఆమె ముందు కన్నతల్లిని వదిలేసిన మనిషిలా నిలబడాల్సి వస్తుందని అమ్మ భయం. నాకూ భయమే. రేపు ఆ ఇంట్లో బతకాల్సింది నేను.

చిన్నమ్మ కొత్త చీర కట్టుకుని వచ్చింది. చాయ్ తాగింది, ఇంకో కప్పు అడిగి తాగింది. మొదలుపెట్టింది.

"ఒక ఊర్ల ఒక తల్లి. ఆమెకు ఇద్దరు బిడ్డలు. తల్లికి జొరమచ్చింది. పెద్దది మూట కట్టుకొని పోయింది."

"అయ్యో, ఎందుకు పోయింది?" అన్నారు అత్తగారు.

"ఏమో. దాని రాత గట్లుండె."

నాకు చిన్నమ్మ మీద ఒళ్లు మండింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవలేదు.

"చెరుకు కోతకు పోయింది," అంది అక్కడినుంచే. "కూలోళ్లను తోలుకపోయే ముకాదం ఇంటికొక మనిషి కావాలన్నడు. పెద్దది తల్లిని సూస్తది, చిన్నదాన్ని తోలుత అన్నడు నాయన. అది అక్కడ బతకదు, నువ్వు పో అన్నది తల్లి. దానికి చెప్పకు, ఏడుస్తదన్నది. చెప్పలే."

చిన్నమ్మ ఖాళీ కప్పు ఎత్తి, మళ్లీ కింద పెట్టింది. కథ అక్కడే ఆగింది.

"ఆపకు ముత్తవ్వా," అంది అమ్మ. "పోరి రాత సగమైతది."

చిన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"చిన్నది ఇంట్లనే ఉన్నది," అంది మెల్లగా. "తల్లి పక్కన పండుకొని కథలన్ని నేర్సుకున్నది. కోతలైనంక అక్క అచ్చింది. తలుపు కొట్టింది. చెల్లె తియ్యలే."

అత్తగారు అమ్మ వైపు చూశారు.

"చిన్నది గద," అంది అమ్మ. "గొళ్లెం అందకపోయి ఉంటది."