పిన్ని మంచం దగ్గర ఆగిన పాట

మొన్న బాబాయిని సమాధి చేసి వచ్చాక, మెట్టుగూడలో మా వరండాలో అందరం టీ తాగుతూ కూర్చున్నప్పుడు, దూరంగా రైలు కూత వినిపించింది. ఆ కూత ఆగిందో లేదో, బాబాయికి సొంత అక్క అయిన మా మేనత్త, "పాటలంటే పడని మనిషిని పాటలతోనే సాగనంపినం. ఆనాడు పెళ్ళానికి ఒక్క పాట సుత విననియ్యలే" అంది. చుట్టాలు తలలూపారు. ఇన్నేళ్ళలాగే నేనూ కప్పులోకి చూస్తూ ఊరుకున్నాను. ఊరుకోకూడదు. అందుకే ఇది రాస్తున్నాను.

అప్పట్లో నాకు ఆసుపత్రిలో కొత్త ఉద్యోగం. నరాల వార్డులో ఇక నయం కాని రోగులకు చివరి రోజులు ఎలా గడుస్తున్నాయో కనుక్కోవడం నా పని. నొప్పి తగ్గుతోందా, నిద్ర పడుతోందా, మనసులో కోరికేమైనా ఉందా అని మంచం మంచానికీ తిరిగి అడిగేవాణ్ణి. అడిగేది మాత్రం బంధువులనే. మాట పడిపోయిన మనిషిని ఏమడుగుతాం అనుకునేవాళ్ళం. ఇప్పుడు తలచుకుంటే ఆ పొడవాటి వార్డూ, మధ్యాహ్నపు ఎండలో ఊగే ఆకుపచ్చ తెరలూ నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా కదులుతాయి.

ఆ వార్డుకే బాబాయి భార్య, మా పిన్ని, రోగిగా వచ్చింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బు. చివరికి కదలడానికి కళ్ళు మాత్రం మిగిలాయి. చర్చి సంఘంలో ఏ కీర్తనైనా పిన్ని ఎత్తుకోవలసిందే, అంత గొంతు. అందుకని సాయంత్రమయ్యేసరికి కార్ఖానా, రెజిమెంటల్ బజార్ బస్తీల నుంచి సంఘస్థులు వచ్చి, మంచం చుట్టూ చేరి పాడేవారు, ప్రార్థించేవారు. పిన్ని కళ్ళు మూసుకునేది. పాటల మధ్య కళ్ళు మూసుకున్న మనిషిని ప్రార్థనలో ఉందని కాక మావాళ్ళు ఇంకేమనుకుంటారు? నేనైతే, ప్రశాంతంగా ఉందని రాసుకున్నాను కూడా.

ఒక మధ్యాహ్నం బాబాయి మందులకని కిందికి వెళ్ళినప్పుడు, ఏం తోచిందో, ఆ ప్రశ్నలే పిన్నిని అడిగాను. అవునైతే పైకి చూడమన్నాను. నొప్పిగా ఉందా అంటే చూపు కదల్లేదు. అలసటా అంటే పైకి చూసింది. పాడేవాళ్ళు రావాలా అంటే కదల్లేదు. వద్దా అని అడిగేసరికి ఆ కళ్ళు పైకి లేచి, నీళ్ళు నిండి, అక్కడే నిలిచిపోయాయి.

బాబాయికి చెప్పాను. ఆయన చాలాసేపు పిన్ని నుదురు నిమిరి, సాయంత్రం వార్డు తలుపు దగ్గర నిలబడి వచ్చినవాళ్ళందరినీ తిప్పి పంపేశాడు.

"ఏందిరా, దేవుని పాటలకు సుత అడ్డం నిలబడ్తవా?" అని మేనత్త గొంతు పెంచింది.

"అవునక్కా, నాకే పరేషాన్‌గ ఉన్నది. పోండి."

నేను నోరు తెరవబోతే బాబాయి నా చెయ్యి పట్టుకుని ఆపాడు. తర్వాత మెట్ల మీద, "నన్ను ఏమన్నా అననియ్యిరా. పాటలొద్దన్నది తనే అని తెలిస్తే, ఆఖర్ల విశ్వాసం పోయిందంటరు. ఆ మాట తన మీద పడొద్దు" అన్నాడు. సరేనన్నాను. పిన్ని పోయాక, ఆయన చుట్టాల మధ్య ఒంటరిగా తిరిగిన అన్ని ఏళ్ళూ, ఇచ్చిన ఆ మాటే నాకు సుఖమైన సాకైంది.

పాడేవాళ్ళు రావడం ఆగాక, వార్డులో బాబాయి కిటికీ తెరిచి, పిన్ని చెయ్యి పట్టుకుని, రైళ్ళ చప్పుడు వింటూ ఊరికే కూర్చునేవాడు. ఆఖరి ఆదివారం, "పాడనా?" అని అడిగాడు. పిన్ని పైకి చూసింది. చర్చిలో పెదవులు కదపడమే తప్ప ఏనాడూ గొంతెత్తని మనిషి, శ్రుతి లేదు, తాళం లేదు, పిన్ని చెవి దగ్గర ఒకే ఒక్క చరణం పాడాడు. పాడినంతసేపూ పిన్ని కళ్ళు మూయలేదు.

పిన్నికి విశ్వాసం పోలేదు, అలసిపోయింది, అంతే. ఇది ముందు మేనత్తకు చదివి వినిపిస్తాను. ఇప్పుడు ఆసుపత్రుల్లో మాటలేని రోగిని కూడా చూపుతోనైనా సరే ముందుగా అడుగుతున్నారట. మంచిదే. మావాళ్ళు మాత్రం ఇప్పటికీ మంచం చుట్టూ చేరి పాడుతూనే ఉన్నారు. అందరూ కళ్ళు మూసుకుని ప్రార్థిస్తున్నప్పుడు, నేను తెరిచే ఉంచి, పడుకున్న మనిషి ముఖం చూస్తూ ఉంటాను.