రాయమల్లు ఆటో కింది చప్పుడు

తాత సంగతి అడుగుతరు, ముత్తాత సంగతి అడుగుతరు, పక్కింటోళ్ల కుక్క ఎట్ల పోయిందో అది కూడ అడుగుతరు. మా మరిది రాయమల్లు ఎసొంటి మనిషని మీలో ఒక్కరన్న అడిగిండ్రా? గోడ మీద ఆయన ఫొటో ఉన్నది, ఫొటో ఎనుక బల్లి ఉన్నది. ఆ బల్లిని చూసినంత సేపు కూడ ఆయన మొఖం చూడరు. సిగ్గుండాలె. సహస్రా, ఆ ఫోనులో మాట పట్టే బొత్తాం ఒత్తు, నేను చెప్తున్న. శివా, నువ్వు పళ్లు ఇకిలించకు. నువ్వు పుట్టినప్పుడు దవాఖాన నుంచి నిన్ను తెచ్చింది ఆయన ఆటోలోనే.

రాయమల్లు నా పెనిమిటి తోడబుట్టిన తమ్ముడు. మాది రామగిరి దిక్కు ఊరు. ఎవుసం ఉండె గని నీళ్లు లేకుండె. మీసాలు రాంగనే బొగ్గుబాయిలోకి దిగిండు. ఆయనది టింబర్ పని. బాయి లోపల పైకప్పు కూలకుండ కట్టె దుంగలు నిలబెట్టుడన్న మాట. దుంగకూ కప్పుకూ నడుమ సందుంటది గదా, ఆ సందులో చెక్క ముక్క పెట్టి సుత్తెతో బిగగొడ్తరు. అది బిగిసిందంటే కింద పనిచేసేటోళ్లు నిమ్మలంగా సద్ది ఇప్పుకొని తింటరు. ఎప్పుడన్న కట్టె కిర్రుమన్నదంటే మాత్రం ఆగుడు లేదు, అడుగుడు లేదు, ఉన్నోడు ఉన్నట్టే ఉరకాలె. కప్పు దిగుతున్నదని కట్టె చెప్పుడు అది. బాయోళ్లు అందరికన్న ముందు నేర్చుకునే చదువు అదే.

అందుకని రాయమల్లు నోట ఎప్పుడూ ఒకటే మాట. "సందుంటె సప్పుడైతది. సందుల చెక్క కొడితె సప్పుడు సస్తది."

బాయిలో కొట్టిండంటే అది నౌకరి. ఇంట్లో కూడ అదే పని. సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టరు చూసుంటే మీకు తెలిసేది. తలుపు కొట్టుకుంటే చెక్క, మంచం కదిలితే చెక్క, కిటికీ ఊగితే చెక్క. కుక్కర్ మూత ఒదులైందని ఆయన భార్య సమ్మవ్వ అన్నదో లేదో, సుత్తె పట్టుకొని పొయ్యి కాడికి వచ్చిండు. ఆమె చీపురు అందుకుంటే గని పోలే. నేను ఎక్కువ మాట్లాడుతున్నానని ఒకనాడు నన్నే అన్నడు.

"వదినా, నీ నోట్ల గూడ సందున్నది."

"పెట్టు నాయినా, పెట్టు. నువ్వు పెడితే మీ అన్న నీ కాళ్లు మొక్కుతడు" అన్న.

రిటైరైనంక ఇంట్లో ఆగలేకపోయిండు. బాయి షిఫ్టు సైరన్ మోగంగనే లేచుడు, చెప్పులు తొడుక్కునుడు, వాకిలి దాక పోవుడు, ఏడికి పోవాల్నో తెల్వక మళ్లొచ్చుడు. సమ్మవ్వ నా దగ్గరకు వచ్చి, "అక్కా, గీయన గిట్లనే ఇంట్ల ఉంటే నా చెంచాలకు గూడ చెక్కలు కొడ్తడు. బావకు చెప్పి ఏదన్న బండి ఇప్పియ్యరాదు" అన్నది. నవ్వుకుంట అన్నది గని కండ్లల్లో నీళ్లున్నయి.

అట్ల ఒక పాత ఆటో వచ్చింది, సెవెన్ సీటర్. కాలనీ నుంచి షిఫ్టోళ్లను బాయి కాడ దించుడు, పని దిగినోళ్లను ఇండ్లకు తెచ్చుడు. కిరాయి కోసం అనుకునేరు. కాదు. బాయి గేటు కాడ ఆ బొగ్గు మొఖాల నడుమ నిలబడి చాయ తాగాలె, లోపల ఏమైందో ఇనాలె, ఎవల్నో ఒకల్ని తిట్టాలె. అది లేకుంటే ఆయనకు తిన్నది ఒంటబట్టదు.

రోజూ ఎక్కేటోళ్లలో పెద్దమనిషి యేసుదానం. బాయిలో రాయమల్లుతోనే చేసినోడు, కాకపోతే వయసులో చిన్నోడు, ఇంకా డ్యూటీ మిగిలి ఉన్నది. ఆదివారం చర్చిలో ఆయన పాట ఎత్తుకుంటే మైకు దండుగ, అంత గొంతు.

ఎండలు ముదరంగనే ఆటో కింద చప్పుడు మొదలైంది. సాఫు రోడ్డు మీద ఏమీ ఉండదు, గతుకులో పడితే గడగడ, గడగడ. రోడ్డు మీద షెడ్డు పెట్టుకున్న మెకానిక్ జగదీశ్వర్ ఆ చప్పుడు ఇని, "కాకా, ఒక్క పూట ఇడ్సిపెట్టు, ఇప్పి చూస్త" అన్నడు.

"ఇప్పి చూసుడెందుకురా? ఏడ సప్పుడైతుందో నా చెవి చెప్తది. కొండంత కప్పు కింద బతికిన చెవి ఇది."

"కప్పు నెత్తి మీద ఉంటది కాకా. ఇది ముడ్డి కింద ఉన్నది."

ఆ మాటకు రాయమల్లుకు కోపమొచ్చింది. ఇగ ఆ షెడ్డు దిక్కు పోలే. బాయిలో కప్పును కట్టెతో కొట్టి చూస్తరు, గట్టిగుంటే ఒక తీరు మోగుతది, డొల్లగుంటే ఇంకో తీరు. ఈయన కూడ ఒక కట్టె పట్టుకొని, నడిబజార్ల ఆటో కిందికి ఎల్లెలుకల దూరి టకటక కొట్టి ఇనుడు మొదలుపెట్టిండు. రెండు కాళ్లే బయటికున్నయి. అటు కూరగాయలకు పోతున్న లింగవ్వ ఆ కాళ్లు చూసి, ఎవలో బండి కింద పడ్డరనుకొని, సంచి పడేసి శోకం ఎత్తుకున్నది. "ఓ కొడుకో, ఎవ్వల కొడుకువో" అని రాగం తీస్తుంటే జనం మూగిండ్రు. కిందికెల్లి రాయమల్లు ఒర్రిండు. "ఎవలే గది? జర ఏడుపు ఆపు, సప్పుడు ఇనపడ్తలేదు!"

తర్వాత మా వంతు. నన్ను ఎనుక సీట్లో, సమ్మవ్వను నడుమ సీట్లో కూసోబెట్టి స్పీడ్ బ్రేకర్ల మీదికెల్లి తిప్పిండు.

"వదినా, ఏడ కొడ్తుంది?"

"నా నడుముల కొడ్తుంది."

"నడుముల కాదు, ఆటోల ఏడ?"

"నా నడుము ఆటోల్నే ఉన్నది గదా, నీ అన్న కాడ ఇడ్సిపెట్టొచ్చిన్నా?"

నేను ఎడమ దిక్కు అన్న, సమ్మవ్వ కుడి దిక్కు అన్నది. ఆయన రెండు దిక్కులా చెక్క కొట్టిండు. చప్పుడు ఆగింది. మీసం తిప్పుకుంట వాడకట్టంతా చెప్పుకున్నడు. నాలుగు రోజులు కాంగనే మళ్లొచ్చింది, ఈసారి ముందట. అక్కడ కొట్టిండు. ఎనుకకు పోయింది. అక్కడా కొట్టిండు. ఎలుక బొక్క మూస్తే ఇంకో బొక్క తీసినట్టు, ఆయన కొట్టిన కొద్దీ చప్పుడు పిల్లలు పెట్టింది. గడగడ పోయి లొటలొట, లొటలొట పోయి కిర్రు.

ఆ కిర్రే కొంప ముంచింది. ఒక శనివారం మొదటి షిఫ్టు దిగినోళ్లను ఎక్కించుకొని మాపటికి ముందు వస్తున్నడు. అందరూ అలసి కునుకు తీస్తున్నరు. కాలనీ మలుపు కాడ స్పీడ్ బ్రేకర్ ఎక్కంగనే ఆటో కింద కట్టె కిర్ర్‌మన్నది. అచ్చం బాయిలో దుంగ కిర్రుమన్నట్టే. నిద్రలో ఉన్న యేసుదానం కండ్లు తెరవకముందే చర్చి గొంతుతో "ఉరుకుండ్రి!" అని కేకేసిండు. ఇగ ఎవ్వడు ఆగుతడు? బాయోళ్లు గదా, ఎడమకు ఇద్దరు, కుడికి ముగ్గురు, దబదబ దూకిండ్రు. అందరికన్న ముందు దూకింది ఎవలనుకున్నరు? బండి నడిపే రాయమల్లే. స్టీరింగ్ ఇడ్సిపెట్టి చింతచెట్ల దాక ఉరికిండు. ఆటో మాత్రం ఎవ్వలూ లేకుండ తనంతట తను మెల్లగ పోయి, రోడ్డు పక్క మట్టికుప్పకు మొఖం ఆనిచ్చి నిలబడ్డది.

యేసుదానం మోకాలు దోక్కపోయింది. మిగిలినోళ్లకు దుమ్మే. లేచి ఒకల మొఖం ఒకలు చూసుకున్నంక నవ్వొచ్చింది, నవ్విన తర్వాత కోపమొచ్చింది.

"అన్నా, నువ్వెందుకు దూకినవే?" యేసుదానం అడిగిండు.

"నువ్వు ఉరుకుండ్రి అంటివి."

"నేను నిద్రల అన్న! నువ్వు బండి నడుపుతున్నవు!"

"కట్టె కిర్రుమన్నది రా."

"అన్నా, భయపడుడు బాయిల చాలు. ఇంటికి పోయే తొవ్వల గూడ భయపడాల్నా? సోమారం పొద్దుగాల షిఫ్టు దాక చూస్తం. గప్పటికి గా సప్పుడు పోలేదనుకో, ఏమనుకోకు, వేరే ఆటో మాట్లాడుకుంటం."

ఆ రోజు రాయమల్లు అన్నం ముట్టలే. ఆదివారం తెల్లారంగనే ఉన్న చెక్కలన్నీ మళ్లా బిగగొట్టి, కొత్తయి కొట్టి, ఒక్కడే నడిపి చూసిండు. చప్పుడు అట్లనే ఉన్నది. మా గడప మీద కూలబడ్డడు.

"వదినా, రేపటి సంది సైరన్ ఇని నేను ఏడికి పోవాలె?"

నేనూ ఆయన పక్కన గడప మీద కూసున్న. అయినా నా నోరు ఎప్పుడన్న మెత్తగ ఉన్నదా? "సైరన్ సంగతి ఎనుక. ఇప్పుడు జగదీశ్వర్ కాడికి నడువు. నడువకుంటే ఆ సుత్తె నా చేతికియ్యి, నీ నెత్తిల ఏడ సందున్నదో నేను చూస్త" అన్న. సమ్మవ్వ ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టి ఆటోలో కూసోబెట్టినం.

జగదీశ్వర్ ఆటోను గుంత మీద నిలబెట్టి, లైటు పట్టుకొని కిందికి దిగిండు. లైటు అటు తిప్పి ఇటు తిప్పి చూసిండు. తర్వాత లోపల్నుంచి నవ్వు.

"కాకా, గిది ఆటోనా, బాయి సొరంగమా? ఎన్ని కట్టెలు నిలబెట్టినవే!"

ఒక్కొక్కటి పీకి బయటికి ఇసురుతుంటే సిమెంటు సంచి నిండింది. పీకుడేంది, ముట్టుకుంటేనే ఊడి వస్తున్నయి. నేను ఒకటి చేతిలో పట్టుకొని చూసిన. అప్పడం తీరు ఎండింది.

"గివి గట్టిగనే కొట్టిన" అన్నడు రాయమల్లు.

"కొట్టినప్పుడు గట్టిగనే ఉంటయి" అన్న నేను. "బాయిల నీళ్లు కారుతయని నువ్వే చెప్తవు గదా. ఆడ చెక్క నీళ్లు తాగి ఉబ్బుతది, బిగుస్తది. ఈడ పైన ఎండ, కింద రోడ్డు సెగ, పక్కకు ఇంజను. ఎండి చిక్కిపోయి లొటలొట ఆడుతున్నయి. పొయ్యి మీద ఆరబెట్టిన కట్టె ఉబ్బుతదా మరిదీ?"

ఆయన ఆ చెక్కను బొటనవేలుతో ఒత్తి చూసిండు, వాసన చూసిండు. బాయిలో ఎన్నడూ మోసం చెయ్యని చెక్క. మెల్లగ దాన్ని సంచిలో ఏసిండు.

చెక్కలన్నీ పోయినంక జగదీశ్వర్ ఆటోను ఊపిండు. చిన్నగ గడగడమన్నది. సైలెన్సర్‌ను పట్టి ఉంచే పట్టీకి బోల్టు ఒదులైంది. "మొదలు గిదొక్కటే కాకా. మిగిలినయన్ని నువ్వు పెట్టినయే" అని పానాతో బిగించిండు. మళ్లా ఊపితే చప్పుడు లేదు.

రాయమల్లు మెల్లగ వంగి చూసి, "దాని పక్కపొంటి ఒక్క చిన్న చెక్క పెడితే..." అన్నడు.

"చెయ్యి ఇరగ్గొడ్త" అన్నది సమ్మవ్వ.

సోమారం పొద్దుగాల షిఫ్టోళ్లు ఎక్కకుండ నిలబడ్డరు. యేసుదానం ఒక్కడే ఎక్కి, ఉన్న గతుకులన్నిట్లకెల్లి తిప్పించిండు. గప్‌చుప్.

"ఏం చేసినవ్ అన్నా? ఏం సప్పుడది?"

బోల్టని చెప్తే అయిపోయేది. బోల్టు అబద్ధం కూడ కాదు. కని రాయమల్లు నేల చూసుకుంట, "నా చెక్కలే రా. మీరు దూకింది గూడ నా చెక్కలకే" అన్నడు.

ఇగ నవ్వుడు సురువైంది. సద్ది గిన్నెలు కింద పెట్టి, కడుపు పట్టుకొని నవ్విండ్రు. టింబర్‌మన్ కొట్టిన కట్టెకు భయపడి టింబర్‌మనే చింతచెట్లకు ఉరికిండని ఒకడు ఉరికి చూపించిండు.

"సరే అన్నా, నీ ఆటోనే ఎక్కుతం. కని ఒక షరతు" అన్నడు యేసుదానం. బాయిలోకి దిగేముందు గేటు కాడ బీడీలు, అగ్గిపెట్టె ఉన్నయేమోనని అందరి జేబులు తడుముతరు. "గట్లనే మేం ఎక్కేముందు రోజు నీ జేబులు చూస్తం. చెక్క దొరికిందా, ఆ రోజు నువ్వు ఎనుక కూసుంటవు, నేను నడుపుత."

ఆ రోజు నుంచి ప్రతి షిఫ్టుకు అదే తంతు. రాయమల్లు ఆటో ముందట రెండు చేతులు లేపి నిలబడుతడు, యేసుదానం జేబులు, నడుము, కాళ్ల మేజోళ్లు అన్నీ తడుముతడు. అట్ల నిలబడ్డప్పుడు ఆయన మొఖం మీరు చూడాల్సింది. డ్యూటీకి పోయే మనిషి మొఖం. సైరన్ మోగంగనే ఉరికురికి పోయేటోడు, ఎందుకంటే అక్కడ ఆయన్ను తడుమనీకి మనుషులున్నరు. రెండుమూడు సార్లు మేజోడులో చెక్క దొరికింది కూడ. దొరకాలనే పెట్టుకున్నడని సమ్మవ్వ అంటది.

యేసుదానం రిటైరైనంక ఆ పని ఇంకొకలు తీసుకున్నరు, ఆటో మాత్రం నడుస్తనే ఉండె. ఒక వానాకాలం రాయమల్లుకు జరం పట్టుకున్నది, తగ్గలే. దవాఖానకు ఆయన ఆటోలోనే తీస్కపోయినం, యేసుదానం నడిపిండు. తొవ్వంతా ఎనుక పండుకొని "గేరు మార్చురా, గేరు మార్చు" అని గొణుగుతనే ఉన్నడు. వారం ఉన్నడు.

పోయేనాటికి రాయమల్లుకు అరవై ఎనిమిదేండ్లు.