పదును రోజుల్లో బెంగళూరు ప్రయాణం

చిన్నపిల్లతో బెంగళూరు చూసి, తిరిగి వచ్చేటప్పుడు లేపాక్షి మీదుగా కారులో రావాలనుకునేవాళ్ళకు ముందుగా ఒక మాట. మీది మా కళ్యాణదుర్గం వైపు మెట్ట సేద్యమైతే ఈ ప్రయాణం జూలైలో పెట్టుకోకండి. మేము పెట్టుకున్నాం. ఎందుకు పెట్టుకున్నామో చెబుతాను.

మా హాసినికి ఐదేళ్ళు. నేల కింద పోయే రైలు ఎక్కిస్తామని దానికి మాటిచ్చి ఏడాది దాటింది. ఈలోగా మూడుసార్లు బట్టలు సర్దాం, మూడుసార్లూ విప్పేశాం. ప్రతిసారీ సరిగ్గా బయల్దేరబోయే ముందు వాన పడింది. వాన పడితే మా ఆయన ఓబులేసు ఇంట్లో నిలవడు. మా చేనికి బోరు లేదు. వాన పడ్డాక మన్ను విత్తనాన్ని పట్టుకునేంత తడిగా ఉండే రెండు మూడు రోజులనే మావాళ్ళు పదును అంటారు. పదును దాటిపోతే మళ్ళీ మబ్బుల వైపు చూస్తూ కూర్చోవలసిందే. కాబట్టి మావాళ్ళు చెనిక్కాయలనే వేరుశనగకు ఒకసారి, ఉలవలకు ఒకసారి, కలుపుకు ఒకసారి మా టూరు ఆగిపోయింది.

ఊళ్ళోవాళ్ళకు ఇదొక వేళాకోళమైంది. "ఏం టీచరమ్మా, బెంగళూరికి ఎప్పుడు పోతాండారు? మబ్బు తేలిపోతాంది, రవంత బిరీన బయల్దేరండి" అని బస్టాపులో అడిగేవాళ్ళు. నేనూ వాళ్ళతో పాటు నవ్వేదాన్ని.

ఒకరోజు ఆ నవ్వు ఆగిపోయింది. నాలుగోసారి తేదీ అనుకున్న సాయంత్రం హాసిని దేవుడి పటం ముందు నిలబడి, "సామీ, వాన రాకూడదు" అని మొక్కుకుంటోంది. బియ్యం చెరుగుతున్న మా అత్త చేట వదిలేసి లేచింది. "అట్ల అనగూడదు బంగారూ, కండ్లు పోతాయి" అని దాన్ని దగ్గరికి లాక్కుంది. నాకు కోపం రాలేదు, ఏడుపొచ్చింది. వాన కోసం మొహం వాచిపోయిన సీమలో పుట్టి, నా కూతురు వానను పగదానిలా చూస్తూ పెరగడమా? ఈసారి ఏం జరిగినా దానికిచ్చిన మాట తప్పకూడదని ఆ సాయంత్రమే గట్టిగా అనుకున్నాను.

నేను పనిచేసేది ఆరు కిలోమీటర్ల దూరంలోని ప్రాథమిక పాఠశాలలో. రెండో శనివారం, ఆదివారం ఎలాగూ సెలవు. సోమవారానికి ఒక సెలవు పెట్టాను. మొదటి రోజు ప్రయాణం, రెండో రోజు రైలు, మూడో రోజు లేపాక్షి చూసుకుని ఇంటికి. ఇదీ మా పథకం.

శనివారం పొద్దున ఐదున్నరకు బయల్దేరాం. పిల్లలకు ఖాళీ కడుపు మీద పాలు పట్టకండి, పావగడ చేరేలోపే బయటికొస్తాయి. మాకు వచ్చాయి. నిమ్మకాయ, రెండు జతల బట్టలు, నాలుగు ప్లాస్టిక్ కవర్లు చేతికందేచోట ఉంచుకోవాలి. పావగడలో కాఫీ తాగి, మధుగిరి కొండను హాసినికి చూపించి, పదకొండున్నరకు బెంగళూరు పొలిమేర తొక్కాం. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది. చుట్టూ హారన్లు, మధ్యలో మేము. ఓబులేసుకు ఆ ట్రాఫిక్ పట్టలేదు. అద్దం మీద కారుతున్న నీళ్ళనే చూస్తున్నాడు. "అంతా సిమెంటు మీద పడిపాయె" అన్నాడు.

మెజెస్టిక్ దగ్గర లాడ్జిలో దిగాం. గది చిన్నదే అయినా శుభ్రంగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి. సామాను దించకముందే ఓబులేసు ఇంటికి ఫోను చేశాడు. "అమ్మా, ఈడ కుమ్ముతాంది. ఆడెట్లుండాది?" స్పీకరులో అత్త గొంతు ఖంగుమంది. "ఈడ యాడిదప్పా వాన! నువ్వు బిడ్డకు అన్నం పెట్టుపో." ఆ మాటకు హాసిని మంచం మీద మూడు గెంతులు గెంతింది. వాళ్ళ నాయన మాత్రం అన్నం సగంలోనే చేయి కడుక్కున్నాడు.

ఆదివారం ఏడింటికి, రైలుకు ముందు కాస్త పచ్చదనం చూద్దామని ఒక పెద్ద పార్కుకు వెళ్ళాం. హాసినికి ఎర్రటి టోపీ కొన్నాం. నేను దాని ఫోటోలు తీస్తూ వెనక్కి తిరిగి చూస్తే మా ఆయన కనబడలేదు. వెతికితే, పూలమడి పక్కన గొంతుక్కూర్చుని, వేలు మెటిక దాకా మట్టిలోకి దించి, పైకి తీసిన మన్నును పిడికిట్లో పిసుకుతున్నాడు. పదును చూడడానికి మావాళ్ళు చేసే పని అది. కానీ ఊరి చేను కాదుగదా!

"ఏన్ సార్, ఏన్ మాడ్తా ఇదీరా?" అని, ఏం చేస్తున్నారని కన్నడంలో అడుగుతూ, సెక్యూరిటీ పెద్దాయన ఈల ఊదుకుంటూ వచ్చాడు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఈలోగా హాసిని కూడా పక్కన కూర్చుని వేలు దించి, "నాయనా, పదునుండాది!" అని అరిచింది.

ఆ మాట వినగానే పెద్దాయన ఈల దించేశాడు. "యా ఊరప్పా మీది?" అన్నాడు తెలుగులో. కళ్యాణదుర్గం పక్కనని చెప్పాం. ఆయనది పావగడ దగ్గర పల్లె. మోకాళ్ళ మీద చేతులు ఆనించి వంగి, ఆయనా కాస్త మన్ను తీసి పిసికాడు. "మంచి పదును. మా ఊర్లో రాత్రి పడిందంట. నాకు లీవు ఇయ్యల్యా. చేను తమ్మునికి చెప్పినా, ఏం చేస్తాడో ఏమో" అన్నాడు. ఇద్దరూ ఒకరి చేతిలోని మన్ను ఒకరు చూసుకున్నారు.

పావగడలో పడితే మాకూ పడే ఉంటుంది. అనుకున్నంతా అయింది, ఫోను మోగింది. "దండిగా పడిందిరా! రేపు ఎల్లుండి దాకా పదును నిలుస్తాది. ఇత్తనమేసే గొర్రు మాట్లాడినా. నువ్వు వస్తాండావా, నేనే ఎవురినన్నా పిల్చుకోవల్లనా?" అత్త గొంతులో అంత సంతోషం విని చాలాకాలమైంది.

ఓబులేసు సంతోషమూ దిగులూ కలిసిన మొహంతో నా వైపు చూశాడు. మేమిద్దరం నోరు విప్పకముందే హాసిని టోపీ తీసేసి నా చేతికిచ్చింది. "ఇంటికి పోదామా?" అంది. ఏడవలేదు. మారాం చెయ్యలేదు. ఐదేళ్ళ పిల్లకు అంత అలవాటైపోయిందా అని నాకు గుండె కలుక్కుమంది.

"నువ్వు బస్సెక్కి పో. మేము రైలు చూసుకొని రేపు వస్తాము" అన్నాను.

"కారు?"

"నేను తెస్తా."

విమానం నేను నడుపుతానన్నట్టు చూశాడు. అందులో అతని తప్పేం లేదు. నాకు లైసెన్సు వచ్చి రెండేళ్ళయింది, నడిపింది ఇంటి నుంచి బడికి, బడి నుంచి ఇంటికి. ఆ దారిలో సిగ్నళ్ళు లేవు, మేకలున్నాయి. "బెంగళూర్లో తోలేది అంత సులువు కాదు సుజాతా" అన్నాడు. సెక్యూరిటీ పెద్దాయన మధ్యలో కలగజేసుకున్నాడు. "తెల్లారకముందే లేసి పొమ్మను, రోడ్లు ఖాళీగా ఉంటాయి. నీకు పోనీకి వీలుండాది, పో అప్పా." ఆ మాటతో ఓబులేసు తాళాలు నా చేతిలో పెట్టాడు.

తొమ్మిదిన్నరకు అతన్ని బస్సెక్కించి, పదింటికి మెట్రో మెట్లు దిగాం. కదిలే మెట్ల ముందే హాసిని ఐదు నిమిషాలు ఆగింది, దిగనంది. రైల్లో ఒక కాలేజీ అమ్మాయి "బా పుట్టా, కూత్కో" అని లేచి సీటిచ్చింది. హాసిని కిటికీకి ముక్కు ఆనించింది. రైలు కదిలింది, సొరంగంలోకి దూరింది.

"అమ్మా, ఏమీ కనపడల్యా!"

ఏడాదిగా ఎదురుచూసింది ఈ చీకటి కోసమా అని నా ప్రాణం ఉసూరుమంది. అంతలో అది పకపకా నవ్వింది. "మనం చెనిక్కాయల మాదిరి మన్ను కింద ఉండామమ్మా" అంది. అటూ ఇటూ మూడుసార్లు తిరిగాం. మధ్యాహ్నం బిసిబేళేబాత్ తిన్నాం, సాయంత్రం ఆ టోపీ పెట్టుకునే అది నిద్రపోయింది.

సోమవారం ఐదింటికి కారు తీశాను. మొదటి గంట ఊపిరి బిగబట్టుకునే నడిపాను. దొడ్డబళ్ళాపురం దాటాక గాని భుజాలు దిగలేదు. ఎనిమిదిన్నరకు హిందూపురంలో ఇడ్లీ, తొమ్మిదిన్నరకు లేపాక్షి. అంత పెద్ద రాతి నందిని చూసి హాసిని అడిగిన మొదటి ప్రశ్న, "దీన్ని గొర్రుకు కట్టచ్చా?" నీళ్ళ సీసా, గొడుగు తీసుకెళ్ళండి. బండ త్వరగా కాలుతుంది, పిల్లలు చెప్పులు విప్పి నడవలేరు.

మళ్ళీ హిందూపురం వచ్చి మడకశిర దారి పట్టాం. మడకశిర ఇంకా కొద్ది దూరముందనగా జల్లు మొదలై, చూస్తుండగానే జోరందుకుంది. అద్దం మీద రోడ్డు మాయమైంది. నాకప్పుడు తెలిసింది, వైపర్ ఎలా వేయాలో నాకు తెలియదని. రెండేళ్ళలో ఒక్కరోజైనా వానలో కారు నడిపి ఉంటేగా! ఒకటి తిప్పితే ఇండికేటరు వెలిగింది, ఇంకొకటి నొక్కితే హారను మోగింది. భయమేసి పక్కకు తీసి ఆపాను.

కంబళి కప్పుకున్న గొర్రెల కాపరి ఒకాయన అద్దం తట్టాడు. "యాకమ్మా నిల్లిసిద్రి?" అని, ఎందుకు ఆపానో కన్నడంలో అడిగి, నేను తెల్లమొహం వేయడం చూసి, "కారు చెడిపోయిందా?" అన్నాడు.

"లేదన్నా. వైపరు యాడుందో తెలీల్యా."

"వాన్లో ఎప్పుడూ తోల్లేదా?"

"మా పక్క వాన యాడుంటాదన్నా!"

ఆయన కంబళి ఊగేలా నవ్వాడు. మందలో గొర్రెలన్నీ నా కారు చుట్టూ చేరాయి. వెనక సీట్లోంచి హాసిని ముందుకు వంగింది. "అమ్మా, స్టీరింగు ఈ పక్క కడ్డీ. మొన్న నాయన కిందికి లాగినాడు." లాగాను. వైపర్ రెండు చేతులూ లేచి అద్దం తుడిచాయి. తడిసిన ఎర్రనేల, గొర్రెలు, నవ్వుతున్న మనిషి, అన్నీ ఒక్కసారిగా కనబడ్డాయి. ఆ క్షణంలో నాకు కలిగినంత ఆనందం లైసెన్సు వచ్చిన రోజు కూడా కలగలేదు.

అక్కడి నుంచి పావగడ మీదుగా ఇల్లు చేరేదాకా ఏ చేను చూసినా మనుషులే. ఎక్కడ వాన ఆగితే అక్కడ గొర్రు కదులుతోంది. బెంగళూరు బాగుంది, లేపాక్షి ఇంకా బాగుంది. కానీ ఈ ప్రయాణంలో మీరు తప్పక చూడవలసింది పదునున్న రోజున ఈ ఎనభై కిలోమీటర్ల దారి. హాసిని కిటికీ దించమని అడిగి, చేయి బయటికి చాచి చినుకులు పట్టుకుంటూ వచ్చింది. నేను వద్దనలేదు.

రెండింటికి నేరుగా చేని దగ్గరే కారు ఆపాను. ఓబులేసు ఎద్దుల గొర్రు తోలుతున్నాడు, అత్త వెనకాలే నడుస్తూ గొర్రు మీది గిన్నెలాంటి జడ్డిగంలో గుప్పెడు గుప్పెడుగా విత్తనం వదులుతోంది. ఇంకో నాలుగు సాళ్ళే మిగిలాయి. మమ్మల్ని చూసి గొర్రు నిలిపారు.

"ఏం చూసినావే బెంగళూర్లో? రైలు బాగుండాదా?" అంది అత్త.

"రైల్లో అంతా చీకటి అవ్వా. అమ్మ కారు తోలింది! వాన్లో!"

ఓబులేసు ఒకసారి కారు చుట్టూ చూశాడు, ఒకసారి నన్ను చూశాడు. "నిజమా?"

జవాబు హాసినే చెప్పింది. "నిజమే నాయనా. వచ్చే తూరి వాన పడనీ. నువ్వు చేనికి పో, నన్ను అమ్మ పిల్చుకపోతాది."