గొలుసు చుట్టుకున్న చెయ్యి

పోలీస్ యాక్షన్ అయిన మూడేండ్లకు నాకు పెండ్లయి చెన్నూరు వచ్చిన. మా ఆయన జంగలాత్‌ల, అంటె అడివి శాఖల, రేంజరు. మా క్వార్టరు ఊరి చివర, టేకు దుంగలు పేర్చిన డిపో పక్కన ఉండె. మాకంటె ముందు అండ్ల ఉన్న సాబు ఔరంగాబాదు దిక్కు బదిలీ అయి పోయేటప్పుడు సామానంత బండ్లకు ఎక్కించిండు గని, కుక్కను మాత్రం వసారా కంబానికి కట్టేసి ఇడిసిపెట్టి పోయిండు.

నల్లటి కుక్క. నిలబడితె నా నడుముదాక వచ్చేది. మెడకు వెడల్పు తోలుపట్టా, దానికి ఇనుప గొలుసు. మా ఆయనకు దాన్ని చూస్తే మస్తు సంబరం. "గిసొంటి కుక్క తాలూకా మొత్తంల లేదు" అని ఇంటికొచ్చినోళ్ళకు చూపిస్తుండె. తిప్పే పని మాత్రం ఆయన ముట్టలే. మొదలు ఒక గార్డుకు అప్పజెప్పిండు. మూడోనాడే అది గార్డు మోచెయ్యి నోట పట్టింది. ఆ గార్డు మళ్ళ మా వాకిట్లకు రాలే.

"ఇంట్ల ఊకె కూసుంటవు, నువ్వే తిప్పు" అన్నడు మా ఆయన.

మొదటినాడు డిపో దాటకముందే పడ్డ. ముందర ఒక గాడిద కనబడ్డది. కుక్క ఒక్క ఊపున దుంకింది. గొలుసు జారిపోతదేమోనని మణికట్టుకు రెండు చుట్లు చుట్టుకున్న, అదే నేను చేసిన తప్పు. బోర్లపడ్డ నన్ను కంకర మీద పదిగజాలు ఈడ్చుకపోయింది. మోకాళ్ళు, గదువ కొట్టుకపోయినయి. బండ్లోళ్ళు నవ్విండ్రు. "అమ్మ కుక్కను తిప్పుతున్నదా, కుక్క అమ్మను తిప్పుతున్నదా" అని ఒకడు అన్నడు. లేచి చీర దులుపుకొని మళ్ళ నడిచిన. ఇడిసిపెట్టి ఇంటికి పోతె ఏమయితదో నాకు ఎరుకే.

అది చెడ్డ కుక్క గాదు. గోదారి ఒడ్డుకు చేరినంక నీళ్ళల్ల కాళ్ళు పెట్టి, నాలుక బయటేసి, నా దిక్కు చూస్తుండె. గుంజుడే దానికి తెలిసిన నడక. ఎవ్వరు నేర్పలే, అది నేర్చుకోలే.

ఒక సంగతి ఇప్పుడు ఒప్పుకోవాలె. ఆ కుక్క నాకు మంచి సాకు అయింది. నా కన్ను వాచినా, పెదవి పగిలినా, చెయ్యి కమిలినా "కుక్క గుంజింది, పడ్డ" అంటుంటి. అందరు నమ్మేటోళ్ళు. గంత పెద్ద కుక్కాయె. అండ్ల సగం దెబ్బలు మా ఆయన కొట్టినయి. అన్నం చల్లారిందని ఒకనాడు, ఉత్తరం రాసుకుంటున్ననని ఒకనాడు. తోలు బెల్టు ఇప్పి, బిళ్ళ ఉన్న దిక్కు కిందికి వచ్చేటట్టు పట్టుకునేటోడు. నేను ఏడిస్తె కంబానికి కట్టేసిన కుక్క మొరిగేది. అప్పుడు బయటికి పోయి దాన్ని కొట్టేటోడు.

అది ఒక చలికాలం పొద్దు. గోదారికి పోయే తొవ్వల మగ్గాల వాడకట్టు ఉండె. తొవ్వ పొడుగున కర్రల మీద పడుగు సాపి, దారాలకు గంజి పెడుతుండ్రు. ఎప్పుడు పక్క సందుల నుంచే పోయేదాన్ని. ఆ రోజు ఒక పంది పిల్లలతోటి అడ్డం వచ్చింది. కుక్క దానెంట ఉరికింది, నన్ను గుంజుకుంట నేరుగ పడుగుల జొరబడ్డది. దారాలు పటపట తెగుతున్న చప్పుడు ఇప్పటికి నా చెవుల్ల ఉన్నది. తడి పోగులు నా మెడకు, గొలుసుకు, దాని కాళ్ళకు చుట్టుకున్నయి. అది ఎంత గింజుకుంటె అంత బిగుసుకున్నయి. నాకు ఊపిరాడలే. ఒకాయన కర్ర తీసి కుక్క నడుము మీద ధనధన కొట్టిండు. మూడో దెబ్బ నా భుజం మీద పడ్డది.

దెబ్బ నాకు పడ్డదని తెలిసి ఆయన కర్ర కింద పారేసిండు. జంగలాత్ సాబు పెండ్లాన్ని కొట్టిన్నని ఆయన మొకం తెల్లబోయింది. ఆయన తల్లి మాత్రం భయపడలే. డెబ్బై ఏండ్ల ముసలామె. కత్తెరతోటి నా మెడ చుట్టున్న పోగులు కోసి, తెగిన పడుగు దిక్కు చూసి అన్నది:

"గివన్ని ఎవరతకాలె?"

"నేను అతుకుత" అన్న.

నాలుగు రోజులు పోయిన. మా ఆయన అడివిల క్యాంపుల ఉండె. కుక్కను వాళ్ళ ఇంటి ముందు మొద్దుకు కట్టేసి, ముసలామె పక్కన కూసోని ఒక్కొక్క పోగు ఏలితోటి మెలిపెట్టి కలుపుడు నేర్చుకున్న. మూడోనాడు రైక చెయ్యి పైకి జరిగింది. ఆమె నా భుజం చూసింది.

"గిది మా పోరడు కొట్టింది. మరి గిదేంది?" అని మోచెయ్యి కింద ఏలు పెట్టింది.

"కుక్క గుంజితె పడ్డ, అవ్వా."

"కుక్క బెల్టు పెట్టుకుంటదా బిడ్డా?"

బిళ్ళ అచ్చు నలుమూలలు కనబడుతుండె. నేను ఇంకో పోగు అందుకొని మెలిపెట్టిన.  ఎల్లొచ్చేటప్పుడు ఆమె గొలుసు నా చేతికిచ్చి, నన్ను నిలబెట్టి చూపించింది. "చేతుల బలంతోటి పట్టకు. నీకంటె దానికి ఎక్కువున్నది. మడిమెలు భూమిల నాటి, నడుము కిందికి దించు. అప్పుడు గుంజుమను సూద్దాం." అట్లనే చేసిన. కుక్క గుంజి గుంజి, ఆగి, వెనుకకు మల్లి నన్ను చూసింది. మొట్టమొదటిసారి.

అయిదోనాడు పొద్దుగాల గోదారికి పోయి తిరిగొచ్చేవరకు మా ఆయన వసారాల నిలబడి ఉండె. ఎవరో చెప్పిండ్రు.

"సాలోళ్ళ ఇండ్లల్ల కూసోని ఏం జేస్తున్నవే?"

"వాళ్ళ పడుగు తెగింది. పోగులు అతికిన."

"నా ఇజ్జత్ తీసినవ్" అని మెట్లు దిగుతనే బెల్టు ఊపిండు. నా చెవి కింద తాకింది. గొలుసు ఇంకా నా చేతికే ఉండె. ఆయన ఆ సంగతి చూసుకోలే. రెండోసారి చెయ్యి లేపిండో లేదో, కుక్క లేచింది.

ఏమైందో తెలిసేవరకు నేను నేల మీద కూసోని ఉన్న. రెండు మడిమెలు మెట్టు రాయికి తన్నిపెట్టిన. కుక్క వెనుకకాళ్ళ మీద నిలబడి ఉన్నది. దాని పండ్లకు ఆయన గొంతుకు మధ్యల జానెడు జాగా. ఆయన గోడకు ఆనుకపోయిండు. నా భుజంల ఏదో పటుక్కుమన్నది, చెయ్యంత మంట.

"వదలకు! వదలకు!" అని మొత్తుకున్నడు.

ఆ గొంతుల భయం నేను అంతకుముందు ఎన్నడు ఇనలే. ఆయన నన్ను బతిమిలాడుడు కూడ అదే మొదలు. చేతి ఏళ్ళు సడలిస్తె అయిపోతుండె. సడలించాలని అనిపించింది. లేదని అబద్ధం చెప్పను. ఎంత సేపో తెల్వది, ఆ మాట మనసుల పెట్టుకొని ఆయన కండ్లల్లకు చూసిన.

"బెల్టు కింద పడెయ్యండ్రి" అన్న.

పడేసిండు.

"లోపలికి పోండ్రి."

గోడ పట్టుకొని పక్కకు జరిగి లోపలికి పోయిండు. తలుపు పెట్టుకుంటడు అనుకున్న. పెట్టుకోలే. పెట్టె తెరిచిన చప్పుడు ఇనొచ్చింది. తుపాకి ఆ పెట్టెలనే ఉంటది.

"నడు" అన్న కుక్కతోటి. లేచి ఉరికిన. ఆ రోజు నేను దాన్ని ఆపలే, అది నన్ను గుంజుడు ఆపలే. ఇద్దరం కలిసి డిపో దాటి మగ్గాల వాడకట్టు దిక్కు ఉరికినం. వెనుకకెల్లి తుపాకి పేలింది. నా పిక్కల నిప్పులు పోసినట్టయింది. కుక్క కుయ్యిమన్నది గని ఆగలే. వెనుకకాళ్ళు వంకర్లు పోతున్నా నన్ను ఇంక గుంజుతనే ఉన్నది. ముసలామె ఇంటి ముంగట కూలబడ్డది. పక్కలల్లకెల్లి నెత్తురు బుసబుస పొంగుతుండె. గొలుసు ఇప్పుదామంటె నా చెయ్యి లేస్తలేదు. నా ఒళ్ళె తల పెట్టి, జర సేపు ఎగపోసి, పోయింది.

మా ఆయన తుపాకి పట్టుకొని వచ్చిండు. దాన్ని కర్రతోటి కొట్టిన ఆయనే అదే కర్ర పట్టుకొని తొవ్వకు అడ్డం నిలబడ్డడు. మగ్గాల్లకెల్లి లేచి ఇంకా పదిమంది వచ్చిండ్రు.  మా ఆయన వాళ్ళను చూసి, తుపాకి దించి వెనుకకు మల్లిపోయిండు.

కుక్కకు పిచ్చి లేచిందని, అందుకే కాల్చిన్నని పై అధికారికి రాసుకున్నడు. విచారణకు వచ్చినాయన నన్ను అడిగితె, పిచ్చి కుక్కకు లేకుండె అని చెప్పిన. ఆయన అది రాసుకున్నడో లేదో నాకు తెల్వది.

మా బాపు వచ్చి నన్ను తల్లిగారింటికి హుస్నాబాద్ తీస్కపోయిండు. తొవ్వంత "సర్దుకుపోవాలె బిడ్డా" అన్నడు. ఇంట్ల నన్ను కన్న అవ్వ నాకు తానం పోసేటప్పుడు వీపు చూసింది. తెల్లారి బాపును పక్కకు పిలిచి ఏం మాట్లాడిందో గని, ఆయన మళ్ళ ఆ మాట ఎత్తలే. నేను ట్రైనింగు చేసి ఆడపిల్లల బళ్ళె పంతులమ్మనైన. పిక్కల తుపాకి సన్న గుండ్లు రెండు ఇప్పటికి ఉన్నయి. ఎడమ చెయ్యి తలకంటె పైకి లేవది. బోర్డు మీద కుడిచేత్తోటే రాస్తుంటి, పిల్లలకు అది కనబడేది గాదు.

చాన ఏండ్లకు ఒక మధ్యాహ్నం నాకంటె చిన్నామె బడి గేటు కాడ నిలబడింది. చంకల పిల్ల. మా ఆయన మళ్ళ చేసుకున్నామె అని చెప్పుకున్నది. నా మొకం చూస్తలేదు.

"అక్కా, నిన్ను కూడ కొట్టేటోడా?" అని అడిగింది.

గంట కొట్టేదాక చెప్పిన, గంట కొట్టినంక కూడ చెప్పిన. ఆమె ఆ రోజు వాపసు పోలే. మా అవ్వ ఆ పిల్లకు పాలు కలిపి, ఆమెకు చాప పరిచింది. ఎండకాలం అయిపోయేదాక మా ఇంట్లనే ఉన్నరు.