తప్పు అంటూ నేర్పిన రోజులు

మెదడును చూసి యంత్రం కడితే మనిషంత తెలివి వస్తుందా అని ఎవరన్నా వాదనకు దిగితే నేను లేచి వంటింట్లోకి వెళ్లిపోతాను. ఒకప్పుడు వస్తుందని బల్లగుద్ది చెప్పినదాన్ని నేనే.

డెబ్భైల మొదట్లో బాపట్లలో బీఎస్సీ చదివేదాన్ని. మా ఫిజిక్సు లెక్చరరు గారు తెనాలి వెళ్లి పాత రేడియోల వాల్యూమ్ నాబ్‌లు ఏరుకొచ్చి, చెక్క పలకకి బిగించి ఒక యంత్రం చేశారు. వరసకి ఐదేసి చొప్పున ఐదు వరసల స్విచ్చులు. వాటిని 'ప' ఆకారంలో నొక్కితే ఎర్ర బల్బు, 'వ' ఆకారంలో నొక్కితే ఆకుపచ్చ బల్బు వెలగాలి. తప్పు బల్బు వెలిగితే నాబ్‌లు కాస్త తిప్పి మళ్లీ నొక్కడం. ఆ తిప్పే పని నాది. మూడు వారాలు తిప్పాను. ఒక మధ్యాహ్నం అది ఒక్క తప్పూ చెయ్యలేదు.

"మెదడు పని కూడా ఇంతేనమ్మా. ఇలాంటివి కోట్లు కలిపి కడితే మనిషే" అన్నారాయన. నాకు ఒళ్లు ఝల్లుమంది.

ఆ వేసవిలోనే నాన్నకి పక్షవాతం వచ్చింది. మాది రేపల్లె. పక్కనే నగరం అనే ఊళ్లో పొలం చేయించేవాడు, నోరు పెద్దది. నేను బండి దిగి ఇంటికెళ్లేసరికి మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. నన్ను చూసి ఒద్దికగా, "రండి, కూర్చోండి" అన్నాడు. పుట్టినప్పట్నుంచీ నన్ను ఒసే అనడం తప్ప ఎరగనివాడు. ఆ 'అండి' వినగానే భయమేసింది. అవే కళ్లు, అదే మీసం, అదే గొంతు. లోపల మాత్రం ఎవరో మర్యాదస్తుడు అద్దెకి దిగినట్టుంది.

అమ్మ ఏడ్చింది. నేను ఏడవలేదు. నాకు పద్ధతి తెలుసుననుకున్నాను.

రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడి, ఇవ్వకుండా, "నేనెవర్ని?" అని అడిగేదాన్ని.

"తెలీదండి."

"తప్పు. నీ కూతుర్ని నాన్నా. మళ్లీ చెప్పు, నేనెవర్ని?"

"పక్కింటి వాళ్ల అమ్మాయండి."

"తప్పు."

"పోనీవే, కాఫీ చల్లారిపోతోంది" అనేది అమ్మ. నేను వినలేదు. అసలే మొండిదాన్ని, దానికి చదువు కూడా తోడైంది. తప్పు అన్నప్పుడల్లా ఆయన భుజాలు ముడుచుకునేవి. చూశాను. చూసి కూడా అడిగాను. ఇన్నేళ్లయినా, ఏ పని చేసుకుంటున్నా, ఆ భుజాలు కళ్లముందు నుంచి పోవు.

పదిరోజులకి కాబోలు, నేను గుమ్మంలో కనబడగానే, అడక్కముందే, "మీరు మా అమ్మాయండి" అన్నాడు. సాయంత్రం అన్నాడు. మరునాడు పొద్దున్నా అన్నాడు. సంతోషం పట్టలేక గ్లాసు ఆయన చేతిలో పెట్టి పక్కనే కూలబడ్డాను. నాన్న దొరికాడనుకున్నాను.

ఆయన కాఫీ చివరిదాకా తాగాడు. అమ్మ పెరట్లోకి వెళ్లేదాకా ఆగి, నా వైపు కాస్త వంగి, నెమ్మదిగా అడిగాడు.

"మీరు చెప్పమన్నది చెప్పాను కదండి. మరి మా అమ్మాయి బాపట్ల నుంచి ఎప్పుడొస్తుందండి?"

"రేపటి బండికొస్తుందండి" అన్నాను.