ముగ్గురికే ఇచ్చిన ఇల్లు

నాగర్‌కర్నూల్‌ల మేం కిరాయికున్న ఇంటికి ఒక షరతు ఉండె. ముగ్గురే ఉండాలె. నేను, మా ఆయన, మా కొడుకు. ఇంటాయన కాయిదం మీద గట్లనే రాయించుకున్నడు, బోరు నీళ్లు సాలవని. నేనూ సంతకం పెట్టిన, కాదనను.

కని మాది నల్లమల అంచున చిన్న ఊరు. మావోళ్లల్ల ఒక్కరు టౌన్ల ఉంటే సాలు, దవాఖానకు వచ్చేటోళ్లందరికీ అదే ఇల్లు. అడిగేదేం ఉండదు, మూట పట్టుకొని వస్తరు. మా చెల్లె గూడ గట్లనే వచ్చింది, తొమ్మిదో నెల కడుపుతోటి. నొప్పులొచ్చినంక అడవిల బండి దొరుకుతదో లేదో, దవాఖాన దగ్గర్లనే ఉండుమని డాక్టరమ్మ చెప్పిందట.

ఇంటాయనకు పొద్దుగాల్నే గేటు కాడ చెప్పులు లెక్కవెట్టే అలవాటు. నేను మస్తు తెలివిచేసి చెల్లె చెప్పులు మంచం కింద దాసిన. ఒకనాడు మోటరు సూస్తనని ఆయన లోపలికే వచ్చిండు. చెల్లె గబుక్కున బాత్‌రూంల దూరింది. ఆయన తీరుబడిగ ముచ్చట వెట్టిండు, నేను నవ్వుకుంట జవాబిచ్చిన. ఆయన పోయినంక తలుపు తీస్తే, తడి బండల మీద గోడ పట్టుకొని నిలవడ్డది.

"జారి పడ్తనేమో అనుకున్ననక్కా" అన్నది.

నా మీద నాకే మండింది. ఏం దొంగతనం చేసినమని దాసుకునుడు? ఆ చెప్పులు తీస్కపోయి గేటు కాడ మా చెప్పుల పక్కనే పెట్టిన. తెల్లారి ఇంటాయన పిలిచిండు.

"ఏందమ్మా, ఎందరుంటున్నరు?"

"నలుగురం సార్. మా చెల్లె కాన్పుకొచ్చింది."

"కాయిదంల ముగ్గురని ఉంది. ఎల్లుండికల్లా పంపియ్యి."

"పంపియ్యను సార్. నీళ్లు సాలకుంటే బజార్ల నల్లా కాడికెళ్లి నేనే మోసుకొస్త. ఖాళీ చెయ్యమంటే చేస్త, కని కాన్పయినంకనే."

అన్న మాట ఎనక్కి తీస్కోలే. ఆ పొద్దు నుంచి ఆయన సూస్తుండంగనే రోజూ రెండు బిందెలు మోసిన.

ఆయన వెట్టిన గడువు దాటింది, ఆరోనాడు చెల్లెకు నొప్పులొచ్చినయి. మా ఆయన ఆటోల పావుగంటల దవాఖాన చేరినం. ఆడపిల్ల. మెడకు పేగు సుట్టుకున్నదట, జర ఆలస్యమయితే దక్కకపోతుండె అన్నది డాక్టరమ్మ. గప్పుడు ఏడ్సిన, అప్పటిదాంక ఏడ్వలే.

పిల్లను ఎత్తుకొని ఇంటికొస్తే ఇంటాయన గేటు కాడనే ఉన్నడు. ఆయన అడగకముందే నేను చెప్పిన.

"ఐదుగురం సార్."